ఇంకో ఫైనల్ ఓడిపోనివ్వండి

ఆట ఆఖర్లో తడబడిన వాళ్ళ మీద తీర్పు చెప్పడానికి మనకు నిమిషం పట్టదు. "గుండె లేదురా వాడికి" అంటాం. "లీగ్‌లో పులి, ఫైనల్లో పిల్లి" అని నవ్వుతాం. దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టుకైతే ప్రపంచమంతా కలిసి 'చోకర్స్' అని పేరే పెట్టేసింది. బ్యాడ్మింటన్‌లో సింధు వరసగా ఫైనల్స్ ఓడిపోతున్న రోజుల్లో మన తెలుగువాళ్ళమే ఆమెకు ఫైనల్ ఫోబియా అంటగట్టాం. ఈ మాటలన్నిటి వెనకా ఒకటే నమ్మకం ఉంది. ఒత్తిడిలో నిలబడడం పుట్టుకతో వచ్చే గుణమనీ, అది కొందరికి ఉంటుందనీ, మిగతావాళ్ళకు ఎంత నేర్పినా రాదనీ. కావలి దగ్గర ఒక హైస్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పే మాస్టారిని నేను. ఈ నమ్మకం వల్ల గ్రౌండ్‌కి రావడం మానేసిన పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, చూస్తూనే ఉన్నాను. ఇది తప్పుడు నమ్మకం. ఎందుకు తప్పో చెప్పాలంటే ముందు ఒక రైడ్ గురించి చెప్పాలి.

జోనల్స్, అంటే బడుల మధ్య జోన్ స్థాయి పోటీలు. అండర్-17 అమ్మాయిల కబడ్డీ ఫైనల్. మా జట్టు ఒక్క పాయింట్ వెనక ఉంది. ముందు రెండు రైడ్లూ ఖాళీగా పోయాయి, అందుకని మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేవాల్సిందే. టైమ్ చూస్తే మాకు అదే ఆఖరి రైడ్. వెళ్ళింది మా మెయిన్ రైడర్. అవతల ఎడమ కార్నర్‌లో ఉన్న అమ్మాయికి కాలి వేలు అందించి వెనక్కి జారుకోవడం ఆ సీజన్ మొత్తంలో తనకు బాగా కలిసొచ్చిన టచ్. నిద్రలో లేపి అడిగినా వేసేది.

గీత దగ్గర నిలబడి కూత మొదలుపెట్టింది. గొంతు బాగానే ఉంది. చూపే మారిపోయింది. ఎప్పుడూ డిఫెండర్ల నడుముల మీద ఉండే చూపు తన కాళ్ళ మీదికి దిగింది. తాడు వెనకనుంచి జనం "కాలు వెయ్, కాలు వెయ్" అని ఒకటే అరుపులు. రెండు అడుగులు లోపలికి, ఒక అడుగు వెనక్కి. మళ్ళీ రెండు లోపలికి, ఒకటి వెనక్కి. కుడి కాలు ముందుకు చాపుతోంది కానీ చాపిన కాలు మీద బరువు వేయడం లేదు. అవతలి అమ్మాయిలు చైన్ పట్టుకుని కదలకుండా చూస్తున్నారు. ముప్పై సెకన్లు అయిపోవస్తుండగా గబుక్కున తిరిగి వచ్చేసింది. అంపైర్ చెయ్యెత్తాడు. పాయింట్ రాలేదన్నది ఒక్కటే సమస్య కాదు. రైడ్‌కు వెళ్ళినవాళ్ళు అవతలి కోర్టులో ఉండే బాక్ లైన్ అనే గీతను ఒక్కసారైనా దాటాలి. అది కబడ్డీలో మొదటి వారం నేర్పే సంగతి. ఆ అమ్మాయి బాక్ లైన్ దాటనే లేదు.

మ్యాచ్ అయ్యాక తాడు వెనకనుంచి ఒకాయన "ఆడపిల్లలకి ఇంత టెన్షన్ ఎందుకు చెప్పు" అన్నాడు, ఎవరితోనో అన్నట్టుగా, అందరికీ వినపడేలా. ఆ పిల్ల వాళ్ళ నాన్న రొయ్యల చెరువుల దగ్గర పని చేస్తాడు. రాత్రంతా మేతలు వేసి, ఏరేటర్లు చూసుకుని, నిద్ర లేకుండా మ్యాచ్‌కి వచ్చాడు. కూతురి మీద ఒక్క మాట విసురుకోలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా "చాల్లే సార్, ఇంక చదువుకోనీండి" అన్నాడు.

రెండు మూడు రోజుల తర్వాత ఏమైందమ్మా అని అడిగితే ఆ అమ్మాయి చెప్పిన మాట ఇది: "కాలు ఎక్కడ పెడతా ఉండానా అని కిందికే చూసుకుంటా ఉన్నా సార్. గీత కనపడలా."

క్రీడల మీద పరిశోధన చేసినవాళ్ళు ఎన్నో ఏళ్ళు ప్రయోగాలు చేసి తేల్చిన సంగతి ఈ రెండు వాక్యాల్లో ఉంది. రాయ్ బామైస్టర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1984లో ప్రచురించిన పేపర్లో ఇదే చెప్పాడు. ఒత్తిడి పెరిగేకొద్దీ మనిషి ధ్యాస చేసే పని మీంచి తన మీదికి మళ్ళుతుంది, అలవాటైన పనిని ఆ ధ్యాసే చెడగొడుతుంది అని. తర్వాత సయన్ బైలాక్, ఆమెతో పనిచేసినవాళ్ళు గోల్ఫ్ ఆడేవాళ్ళ మీదా ఫుట్‌బాల్ ఆడేవాళ్ళ మీదా ప్రయోగాలు చేశారు. ఆరితేరిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళను, బంతి పాదంలో ఏ పక్కన తగులుతోందో గమనించుకుంటూ డ్రిబుల్ చేయమంటే వాళ్ళ వేగం పడిపోయింది. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళకు మాత్రం అలా గమనించుకోవడం పనికొచ్చింది. అంటే ఆట బాగా వచ్చినవాళ్ళకే ఈ ప్రమాదం ఎక్కువ. వేలసార్లు చేసి చేసి ఒంటికి అప్పగించిన పనిని ఆఖరి నిమిషంలో బుర్ర వెనక్కి లాక్కుంటుంది. అంత చిన్న సమయంలో బుర్ర ఆ పని చేయలేదు.

అందుకే ఇక్కడ ధైర్యం మాట ఎత్తడం నాకు నచ్చదు. ఆ అమ్మాయి భయపడి పారిపోలేదు. కూత ఆపలేదు. గీత దగ్గర నిలబడి వెనక్కి చూడలేదు. బాగా చేయాలన్న తపనతో తన కాలిని తనే కాపలా కాసింది.

ఇంకో రకం కూడా ఉంది. అక్కడ ఒళ్ళు కాదు, ఆలోచన తడబడుతుంది. దానికి 1999 జూన్ 17న ఎడ్జ్‌బాస్టన్‌లో జరిగిన ప్రపంచకప్ సెమీఫైనల్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఆస్ట్రేలియా 213. దక్షిణాఫ్రికాకు చివరి ఓవర్లో 9 పరుగులు కావాలి, చేతిలో ఒక్కటే వికెట్. ఫ్లెమింగ్ వేసిన మొదటి రెండు బంతుల్నీ క్లూసెనర్ ఫోర్లు కొట్టేశాడు. స్కోర్లు సమం. నాలుగు బంతుల్లో ఒక్క పరుగు చాలు. మూడో బంతికి అవతల ఎండ్‌లో డోనల్డ్ రనౌట్ అయ్యేవాడే, లేమన్ విసిరిన బంతి వికెట్లకు తగల్లేదు కాబట్టి బతికిపోయాడు. అప్పుడు ఇద్దరూ పిచ్ మధ్యకు వచ్చి ఒక్క నిమిషం మాట్లాడుకుంటే సరిపోయేది. ఇంకా మూడు బంతులున్నాయి, తొందరేం లేదు. నాలుగో బంతికి క్లూసెనర్ పరుగు తీశాడు, డోనల్డ్ బంతినే చూస్తూ ఉండిపోయాడు, కదిలేటప్పటికి బ్యాట్ కూడా చేతిలోంచి జారింది. మ్యాచ్ టై. అంతకు ముందు దశ అయిన సూపర్ సిక్స్ లెక్కలో పైన ఉన్న ఆస్ట్రేలియా ఫైనల్‌కు వెళ్ళింది. వాడని బంతులు రెండు అలాగే మిగిలిపోయాయి.

క్లూసెనర్ ఆ రోజు 16 బంతుల్లో 31 నాటౌట్. అప్పటిదాకా ఆ ప్రపంచకప్‌లో అతనంత నిబ్బరంగా మ్యాచ్‌లు ముగించినవాళ్ళు లేరు. అతనికి గుండె లేదని ఎవరైనా అనగలరా?

అయితే ఓడిన ప్రతి ఫైనల్‌కీ ఈ ముద్ర వేయడం అన్యాయం. 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్ గుర్తుందిగా. దక్షిణాఫ్రికాకు 30 బంతుల్లో 30 పరుగులు కావాలి, క్లాసెన్ చెలరేగి ఆడుతున్నాడు. మనవాళ్ళు 7 పరుగులతో గెలిచారు. మర్నాడు మన దగ్గర అందరి నోటా 'మళ్ళీ చోక్ అయ్యారు' అన్న మాటే. కానీ హార్దిక్ క్లాసెన్‌ను అవుట్ చేసిన బంతి, రెండే పరుగులిచ్చి వికెట్ కూడా తీసిన బుమ్రా ఓవర్, నాలుగే ఇచ్చిన అర్ష్‌దీప్ ఓవర్, బౌండరీ గీత మీద సూర్యకుమార్ పట్టిన క్యాచ్... ఇవన్నీ ఎక్కడికి పోయాయి? అవతలివాళ్ళ గుండె జారింది అనడం మనవాళ్ళ బౌలింగ్‌ను తక్కువ చేయడమే. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో వన్డే ప్రపంచకప్ ఫైనల్ మనం ఓడినప్పుడు ఇదే మాట మన మీద పడింది. నిజమే, మొదటి పది ఓవర్ల తర్వాత మిగిలిన నలభై ఓవర్లలో మనవాళ్ళు కొట్టినవి నాలుగు ఫోర్లే. అందులో వికెట్ పోతుందన్న బెరుకు కొంత ఉందనే నా ఉద్దేశం. కానీ ట్రావిస్ హెడ్ కొట్టిన 137 కూడా ఆ రాత్రి జరిగినదే.

ఇక సింధు దగ్గరికి వస్తాను, నా వాదనకు అసలు బలం అక్కడే ఉంది.

2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో మొదటి గేమ్ 21-19తో గెలిచి, తర్వాతి రెండూ స్పెయిన్ క్రీడాకారిణి మారిన్‌కు వదిలేసింది. 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, గ్లాస్గో: జపాన్ క్రీడాకారిణి ఒకుహారాతో 110 నిమిషాలు ఆడి మూడో గేమ్ 20-22తో పోగొట్టుకుంది. ఆ మ్యాచ్ చూసినవాళ్ళకు గుర్తుంటుంది, ఆఖరికి ఇద్దరూ నిలబడలేని స్థితి. 2018 ఇంకా కష్టమైన ఏడాది. ఇండియా ఓపెన్ ఫైనల్లో ఓటమి. కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో సైనా చేతిలో ఓటమి. థాయ్‌లాండ్ ఓపెన్ ఫైనల్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, ఆసియా క్రీడల ఫైనల్, అన్నీ ఓటములే. పతకం తెస్తున్న ప్రతిసారీ 'మళ్ళీ వెండేనా' అన్నారు. ఆ డిసెంబర్‌లో గ్వాంగ్‌జౌలో వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచింది. 2019 ఆగస్టులో బాసెల్‌లో మళ్ళీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, మళ్ళీ అదే ఒకుహారా. 21-7, 21-7. ముప్పై ఎనిమిది నిమిషాల్లో ముగించింది.

ఒత్తిడిని తట్టుకోవడం పుట్టుకతో వచ్చే గుణమే అయితే ఈ స్కోరుకు అర్థం లేదు. అదే అమ్మాయి, అదే ప్రత్యర్థి, అదే స్థాయి ఫైనల్. ఈ మధ్యలో ఆమెకు కొత్త గుండె ఎవరూ పెట్టలేదు. ఆమెకు దొరికింది ఇంకో ఫైనల్. దాని తర్వాత ఇంకోటి. ఓడినా మళ్ళీ పొద్దున్నే అకాడమీకి వెళ్ళే వీలు. వాళ్ళ అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. నాన్న రమణ 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆడినవాడు. మ్యాచ్ పోయిన రోజు రాత్రి ఎలా ఉంటుందో, మర్నాడు ఏం చేయాలో ఆ ఇంట్లో పెద్దవాళ్ళకు తెలుసు. దాని విలువ ఎంతో మన పిల్లల ఇళ్ళు చూస్తే నాకు అర్థమవుతుంది.

టెన్నిస్‌లో యానా నొవొత్నా కూడా ఇంతే. 1993 వింబుల్డన్ ఫైనల్, మూడో సెట్‌లో స్టెఫీ గ్రాఫ్ మీద 4-1 ఆధిక్యం, ఇంకో పాయింట్ వస్తే 5-1. అక్కడ డబుల్ ఫాల్ట్ చేసింది. ఆ తర్వాత ఒక్క గేమ్ కూడా గెలవలేదు. బహుమతి ప్రదానంలో బ్రిటన్ రాజకుటుంబానికి చెందిన డచెస్ ఆఫ్ కెంట్ భుజం మీద తలపెట్టి ఏడ్చిన ఫొటో ప్రపంచమంతా చూసింది. 1997లో మళ్ళీ ఫైనల్‌కొచ్చి హింగిస్ చేతిలో ఓడింది. 1998లో గెలిచింది. మన మహిళల క్రికెట్ జట్టు 2017లో లార్డ్స్‌లో 229 కొట్టాల్సిన ప్రపంచకప్ ఫైనల్లో 3 వికెట్లకు 191 దగ్గర ఉండి, 28 పరుగుల్లో ఏడు వికెట్లు పోగొట్టుకుని, 9 పరుగులతో ఓడింది. ఆ మ్యాచ్ ఆడిన హర్మన్‌ప్రీత్, స్మృతి, దీప్తి ముగ్గురూ 2025 నవంబర్ 2న ప్రపంచకప్ ఎత్తిన జట్టులో ఉన్నారు. దీప్తి ఆ ఫైనల్లో 58 పరుగులు చేసి ఐదు వికెట్లు తీసింది. అదే టోర్నీలో, ఫైనల్‌కు రెండు వారాల ముందు, ఇండోర్‌లో ఇంగ్లండ్ మీద గెలవాల్సిన మ్యాచ్‌ను నాలుగు పరుగులతో పోగొట్టుకున్నది కూడా వీళ్ళే. మన పక్కజిల్లా కడప అమ్మాయి శ్రీచరణి ఆ జట్టులో ఉంది. లార్డ్స్ ఓటమి నాటికి ఆమె ఇంకా బడి వయసు పిల్ల.

వీళ్ళందరికీ ఓడిన తర్వాత ఇంకో అవకాశం ఉంది. ఆ అవకాశం ఊరికే రాదు, దాని వెనక ఒక ఇల్లో, ఒక బోర్డో, డబ్బో ఉంటుంది. షూటర్ అభినవ్ బింద్రా 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఫైనల్‌కు మంచి స్కోరుతో వచ్చి ఏడో స్థానంలో మిగిలాడు. 2008 బీజింగ్‌లో ఆఖరి షాట్‌కు ముందు ఫిన్లండ్ షూటర్ హాకినెన్‌తో సమానంగా ఉన్నాడు. బింద్రా 10.8 కొట్టాడు, హాకినెన్ 9.7 కొట్టి కాంస్యానికి జారాడు. ఆ పది పాయింట్ ఎనిమిది వెనక బింద్రా పడ్డ శ్రమకు చేతులెత్తి మొక్కుతాను. కానీ అతని ఇంట్లోనే షూటింగ్ రేంజ్ ఉందన్నది కూడా నిజం. నాలుగేళ్ళు ఆగి మళ్ళీ ప్రయత్నించడానికి ఆ ఇంటికి స్థోమత ఉంది.

మా అమ్మాయికి ఏముంది? జోనల్స్‌లో ఓడితే జట్టు అక్కడితో ఇంటికి. జిల్లా జట్టు ఎంపికలో పేరు రావాలంటే ఆ ఒకటి రెండు మ్యాచ్‌ల్లోనే పెద్దల కంట్లో పడాలి. జిల్లా జట్టుకు ఆడితే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో సీటు మీద ఆశ, దాని మీద రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం మీద ఆశ. ఇంత పొడుగు గొలుసు ఒక పదహారేళ్ళ పిల్ల కాలి వేలికి కట్టి, ముప్పై సెకన్ల టైమ్ ఇచ్చి, పో తీసుకురా అంటున్నాం. ఓడితే "చదువుకోనీండి సార్" అన్న మాట సిద్ధంగా ఉంటుంది, ఆ తర్వాత పెళ్ళి సంబంధాల మాట. ఆ రైడ్‌కు వెళ్ళేటప్పుడు ఆ పిల్లకు ఇదంతా తెలుసు. నార్వే పరిశోధకుడు గేర్ యోర్డెట్ పెద్ద టోర్నీల్లో పెనాల్టీ షూటౌట్లను గమనించి చెప్పిన సంగతి ఒకటుంది. ఈ కిక్ పడితే గెలుపు అనుకుని వేసేవాళ్ళ కన్నా, ఈ కిక్ పోతే ఓటమి అనుకుని వేసేవాళ్ళు చాలా ఎక్కువగా తప్పుతారు. ఒకే గోల్, ఒకే దూరం. మారింది, పోతే ఏమవుతుందన్న లెక్క ఒక్కటే. మన ఊళ్ళలో ఆడపిల్ల ఆడే ప్రతి ఫైనల్ రెండో రకం కిక్కే.

కాబట్టి అబ్బాయిలు టెన్షన్ తట్టుకుంటారు, అమ్మాయిలు తట్టుకోలేరు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. అబ్బాయి ఓడితే సంక్రాంతికి ఊళ్ళో ఇంకో టోర్నమెంట్ ఉంటుంది, లైట్లు పెట్టి రాత్రిపూట ఆడిస్తారు, నగదు బహుమతి ఇస్తారు. తిరునాళ్ళకు ఇంకోటి. వాడు ఏడాదికి ఎన్ని ఆఖరి రైడ్లు ఆడతాడో, ఎన్ని ఓడిపోతాడో లెక్కే ఉండదు. అలా ఓడి ఓడి గట్టిపడతాడు. అమ్మాయికి ఆ లెక్కలేని ఓటములు లేవు.

తాడు వెనక నిలబడే మనం కూడా ఇందులో ఉన్నాం. ఒంగోలు వైపు ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకు ఇది తెలుస్తుంది. గిత్తలకు అది ఫైనల్ అని తెలియదు, మొదటి బహుమతి ఎంతో తెలియదు. పక్కన పరిగెత్తే మనుషులకు తెలుసు. టైమ్ అయిపోవస్తోందని తెలిసి నలుగురూ నాలుగు రకాలుగా అదిలిస్తే మంచి జత కూడా మలుపు దగ్గర బిత్తరపోయి ఆగుతుంది. చేయి తిరిగిన రైతు ఆ ఆఖరి నిమిషంలో పక్కవాళ్ళను నోరు మూయించి, మొదటినుంచీ ఎలా అదిలించాడో అలాగే అదిలిస్తాడు. మా మ్యాచ్‌లో "కాలు వెయ్" అని అరిచినవాళ్ళంతా ఆ పిల్ల మేలు కోరినవాళ్ళే. అయినా ఆ అరుపు పని చేయాల్సిన కాలిని పట్టుకుని చూసుకోమని చెప్పింది. ఆఖరి రైడ్‌లో మెళకువలు అరవకండి. చప్పట్లు కొట్టండి, పేరు పెట్టి పిలవండి, అంతకు మించి వద్దు.

ఒత్తిడిని అలవాటు చేయడం సాధ్యమేనా అని అడిగేవాళ్ళు ఉంటారు. నిజం ఫైనల్‌ను ప్రాక్టీస్‌లో తెప్పించలేమన్నది నిజమే. కానీ పూర్తిగా తెప్పించనక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రోల మీద, డార్ట్స్ మీద చేసిన ప్రయోగాల్లో, కొద్దిపాటి టెన్షన్ పెట్టి సాధన చేయించినవాళ్ళు తర్వాత పెద్ద టెన్షన్‌లో మిగతావాళ్ళ కన్నా నిలబడ్డారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు సంగతే చూడండి. 1996 యూరో సెమీస్‌లో పెనాల్టీ పోగొట్టిన సౌత్‌గేటే తర్వాత కోచ్ అయ్యాడు. పెనాల్టీలు అదృష్టం, సాధనతో రావు అని ఆ దేశంలో చాలామంది అనేవారు. అతను ఒప్పుకోలేదు. ఎవరు ముందు, ఎవరు తర్వాత, మైదానం మధ్య గీత నుంచి ఎలా నడవాలి, బంతి పెట్టాక ఎంతసేపు ఊపిరి తీసుకోవాలి, అన్నీ సాధన చేయించాడు. 2018 ప్రపంచకప్‌లో కొలంబియా మీద షూటౌట్ గెలిచారు, ప్రపంచకప్‌లో వాళ్ళకు అదే మొదటి షూటౌట్ గెలుపు. 2021లో జరిగిన యూరో ఫైనల్లో మళ్ళీ ఓడారు. ఆఖరి కిక్ పోగొట్టిన సాకాకు అప్పుడు పందొమ్మిదేళ్ళు. అతన్నీ, రాష్‌ఫర్డ్‌నీ, సాంచోనీ ఒంటి రంగు పేరుతో ఎంత నీచంగా తిట్టారో తెలిసిందే. 2024 యూరో క్వార్టర్‌ఫైనల్లో స్విట్జర్లండ్ మీద షూటౌట్‌కు అదే సాకాను పంపారు. వేశాడు. ఐదుగురికి ఐదుగురూ వేశారు. అతన్ని మళ్ళీ పంపిన నిర్ణయం నాకు ఆ గోల్ కన్నా పెద్దది.

మా గ్రౌండ్‌లో పద్ధతి ఇలా ఉంటుంది. సాయంత్రం ప్రాక్టీస్ అంతా అయ్యాక, కాళ్ళు పీక్కుపోతున్నప్పుడు, ఒక్కో రైడర్‌కూ ఒక్కో డూ ఆర్ డై. స్కోరు పైకి చెప్తాం, ఒకటి వెనక అని. అబ్బాయిల జట్టును తాడు చుట్టూ నిలబెట్టి అరవమంటాం. ఫోన్‌లో ముప్పై సెకన్లు పెడతాం. రైడర్‌కు చేయాల్సిన పనులు రెండే. అరచేతులు మట్టికి రుద్దుకుని గీత తాకడం, తర్వాత అవతల ఒక డిఫెండర్‌ను ఎంచుకుని ఆమె నడుము మీదే చూపు పెట్టడం. కాలి మాట ఎవరూ ఎత్తకూడదు. పాయింట్ రాకపోతే ఎవరూ ఏమీ అనరు, మర్నాడు మళ్ళీ అదే పిల్ల అదే రైడ్‌కు వెళ్తుంది. కొందరికి త్వరగా పట్టుబడుతుంది, కొందరికి నెలలు పడుతుంది. గుండె ఎక్కువగా కొట్టుకోవడం ఎవరికీ ఆగదు, ఆగాలని మేం చెప్పం కూడా. 2010లో మొహాలీలో ఆస్ట్రేలియా మీద ఒక్క వికెట్ తేడాతో మనల్ని గెలిపించిన లక్ష్మణ్‌ను తలుచుకోండి. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, నడుం నొప్పితో ఆడుతూ, ఆఖర్లో పరుగు విషయంలో ఓఝా మీద గట్టిగా అరిచాడు. టెన్షన్ పడుతూనే 73 నాటౌట్‌గా మ్యాచ్ ముగించాడు. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా బుమ్రా అవుటైతే, ఆఖరి మనిషిగా వచ్చిన సిరాజ్ కమిన్స్ వేసిన మూడు బంతులు కాచుకున్నాడు. సెంచరీ పేరు నితీశ్‌దే. నాకు మాత్రం ఆ మూడు బంతులు పిల్లలకు చూపించాలనిపిస్తుంది, తన కోసం కానిదాని మీద చూపు నిలిపినవాడు ఎంత కుదురుగా ఉన్నాడో.

ఆ అమ్మాయి వాళ్ళ నాన్నతో మాట్లాడడానికి చెరువు గట్టు మీదికే వెళ్ళాను. సింధు ఓడిన ఫైనల్స్ గురించి చెప్పాను. "అన్నా, ఇంకొక్క సీజన్ పంపించు. ఓడినా సరే" అన్నాను. ఆయన కాసేపు ఏరేటర్ వైపు చూసి "ఓడిపోయేదానికి పంపించాలా సార్" అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. "ఓడినా మళ్ళీ ఆడొచ్చు అని తెలిస్తేనే గెలుస్తుందన్నా" అన్నాను. ఇప్పుడు ఆ పిల్ల ప్రాక్టీస్‌కు వస్తోంది. మిగతావాళ్ళ ఇళ్ళకు కూడా ఇలాగే వెళ్ళొచ్చు, కానీ ఒక మాస్టారు ఎన్ని ఇళ్ళ చుట్టూ తిరుగుతాడు? పోటీలు పెట్టే పద్ధతే మారాలి.

జోనల్స్‌ను నాకౌట్‌గా పెట్టడం మానేసి నాలుగేసి జట్ల పూల్స్‌గా ఆడించమని ఆటల మాస్టార్లం (పీఈటీలం) కలిసి నిర్వహించే పెద్దలను అడగాలి. ఒక మ్యాచ్ ఓడినా ప్రతి జట్టుకూ ఇంకో రెండు ఖాయంగా ఉంటాయి. జిల్లా జట్టును కూడా ఫైనల్ ఒక్కటి చూసి కాకుండా ఈ మ్యాచ్‌లన్నీ చూసి ఎంపిక చేయవచ్చు. టైమ్ చాలదు అంటారు. అమ్మాయిల మ్యాచ్ అంటే పదిహేను నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో ఐదు నిమిషాలు, అంతా కలిపి ముప్పై ఐదు. నాలుగు జట్ల పూల్‌లో ఆరు మ్యాచ్‌లు. ఒక కోర్టు మీద మూడున్నర గంటల పని. రెండు కోర్టులకు సున్నం గీతలు వేసి పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే రెండు పూల్స్ మధ్యాహ్నం భోజనాల లోపే అయిపోతాయి.